టార్పాలిన్ కప్పిన మిషన్

నా పదవీ విరమణ సభలో మైకు పట్టుకున్న ప్రతివాళ్లదీ ఒకటే మాట. “మేడం సర్వీసులో ఒక్క మచ్చ కూడా లేదు.” శాలువా కప్పుకొని నవ్వుతూ కూర్చున్నాను గానీ లోపల ఒళ్లు మండిపోయింది. ఇనుము కోయడం నేర్పే మనిషికి మచ్చ లేకపోవడమేమిటండీ? నా ముంజేతుల నిండా వేడి చిప్స్ ఎగిరిపడి కాలిన మచ్చలే. చిప్స్ అంటే తినేవి కావు, ఇనుము కోస్తుంటే రాలే చుట్టలు. ఆయిల్ మరక లేని చీర నాకు ఉందంటే అది పెట్టె అడుగున ఉన్న పెళ్లి పట్టుచీర ఒక్కటే.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన నా శిష్యులు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, “మేడం, ఏదన్న సలహా ఇయ్యుండ్రి,” అని అడుగుతారు. సలహాలు ఇచ్చే ఓపిక నాకు లేదు, విని ఎవరూ బాగుపడిందీ లేదు. ఒక మిషన్ సంగతి చెబుతాను. చాయ్ తాగుతూ వినండి, చల్లారినా నన్ను తిట్టొద్దు.

నేను మెదక్ పట్టణంలో ఒక చిన్న ఐటీఐలో టర్నర్ ట్రేడు చెప్పేదాన్ని. లేత్ మీద ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ కోసి ఇరుసులూ, బుష్‌లూ తయారు చేయడం ఆ పని. వర్క్‌షాపు కిటికీలోంచి ఖిల్లా గుట్ట కనిపించేది. లోపల మాత్రం తాతల నాటి లేత్‌లు. అందులో ఒకటో రెండో నడిచేవి, మిగతావి చూడ్డానికి బాగుండేవి. పిల్లలు వంతులేసుకొని నేర్చుకునేవాళ్లు. సర్టిఫికెట్ చేతికొచ్చాక కొందరు హైదరాబాదులో షాపుల్లో నిలబడేవాళ్లు, కొందరు ఆటోలు నడిపేవాళ్లు. నేర్చుకున్న పనే చేసేవాళ్లు చాలా తక్కువ. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఎవరం పైకి అనేవాళ్లం కాదు.

అలాంటి రోజుల్లో ఒక కంపెనీ వచ్చింది. వరి నాటే యంత్రాలు అమ్మే కంపెనీ. అప్పటిదాకా వాళ్లు విదేశం నుంచి డబ్బాల్లో భాగాలు తెప్పించి, ఇక్కడ బిగించి అమ్మేవాళ్లు. మా మంజీర ఒడ్డు పొలాల్లో ఆ యంత్రాలు బురదలో కూరుకుపోయేవి. ట్రాక్టరుకు తాడు కట్టి లాగితే లోపల గేరు విరిగేది. కొత్త గేరు సముద్రం దాటి వచ్చేసరికి నాట్ల అదును దాటేది. రైతులు డీలరు దుకాణం ముందు బైఠాయించారు. చివరికి కంపెనీకి తత్వం బోధపడింది. ఈ నేలకు సరిపోయే గేరుపెట్టెను ఈ దేశంలోనే గీయాలి, ఇక్కడే కోయాలి, ఇక్కడి బురదలోనే దింపి చూడాలి అనుకున్నారు. మెదక్ పక్కన షెడ్లు లేవడం మొదలైంది.

మన ఊళ్లో ఫ్యాక్టరీ అంటే ముందు భూముల రేట్ల గురించి మాట్లాడతారు, తర్వాత కాంట్రాక్టుల గురించి. మన పిల్లలకు అందులో ఏం పని అని ఆఖర్న అడుగుతారు. నాకు ఆ ఆఖరి ప్రశ్నే కావాలి. ఎందుకంటే ఆ ఫ్యాక్టరీలో రెండు రకాల పనులున్నాయి. ఒకటి ప్యాకింగు, లోడింగు, గేటు కాపలా. రెండోది డ్రాయింగులు గీసే గది, గేర్ల సెక్షను, టెస్టింగు. మొదటి రకం పనులు లోకల్ వాళ్లకు ఎలాగూ ఇస్తారు. రెండో రకం పనులు ఎవరికి దక్కుతాయన్నదే అసలు సంగతి.

కంపెనీ తరఫున మా దగ్గరికి వచ్చిన ఇంజనీరు ఎక్కడెక్కడో పనిచేసి వచ్చిన మనిషే గానీ పుట్టింది సిద్దిపేట వైపు. మాట మాత్రం మన మాటే. ఆయన మా ప్రిన్సిపాల్ గదిలో కూర్చొని ఖుల్లంఖుల్లా చెప్పాడు.

“మా ఓళ్లేమంటుండ్రంటే, గేర్ల సెక్షన్‌కు బయటి నుంచి చెయ్యి తిరిగినోళ్లను పట్టుకొద్దామని. నేనేమన్ననంటే, గీడనే నేర్పిద్దాం, గీడి పిల్లలనే తీసుకుందామని. మాట నాది, పని మీది. జర నా మాట దక్కియ్యుండ్రి.”

అన్నట్టే చేశాడు. కంపెనీ డబ్బుతో మా వర్క్‌షాపులో సగం కొత్తగా కట్టించాడు. నన్ను వాళ్ల పాత ప్లాంటుకు పంపించి, నా కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చోబెట్టి కొత్త మిషన్ నేర్పించాడు. తర్వాత లారీలో ఆ మిషన్ దిగింది. కంప్యూటర్ లేత్. కొలతలు అంకెల్లో చెబితే తనంతట తానే కోస్తుంది. తెల్లగా, గాజు తలుపుతో, పెళ్లికూతురులా ఉంది. పిల్లలు చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.

ఇప్పుడు మా స్టోర్ కీపర్ గురించి చెప్పాలి. ఆయన ఎల్దుర్తి మనిషి, నాకంటే కొంచెం పెద్ద, మరుసటి ఏడే రిటైరు కావాలి. నేను ‘అన్నా’ అనేదాన్ని. ఆయన నలుగురిలో ‘మేడం’ అనేవాడు, మనసు బాగున్నప్పుడు ‘చెల్లె’ అనేవాడు. బంగారం లాంటి మనిషి. కానీ స్టోరు తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడేది. ఆయనకంటే ముందున్న స్టోర్ కీపర్ రిటైరయ్యాక, ఎప్పుడో కాలిపోయిన ఒక మోటారు లెక్క తేలలేదని పింఛను ఆపేశారు. ఆ ముసలాయన ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, పింఛను రాకుండానే పోయాడు. శవం మోసిన నలుగురిలో మా అన్న ఒకడు. అప్పటి నుంచి ఆయనకు విరగడం అనే మాట వింటేనే చెమట పట్టేది.

మిషన్ దిగిన రోజు ఆయన సొంత ఖర్చుతో గుమ్మడికాయ కొట్టించాడు, తలుపుకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు, పసుపు కుంకుమ పెట్టాడు. కంపెనీ మెకానిక్‌లు ఒకసారి ఇనుము పెట్టకుండా ఉత్తినే నడిపి చూపించి వెళ్లిపోయారు. మర్నాడు నేను వర్క్‌షాపుకు వెళితే మిషన్ కనిపించలేదు. వడ్ల కుప్పల మీద కప్పే నీలం టార్పాలిన్‌ను దర్జీతో కొలతలు తీయించి, అంచులు కుట్టించి, మిషన్‌కు నిలువునా తొడిగించాడు. గదికి తాళం వేశాడు.

“అన్నా, తాళమియ్యి,” అన్నాను.

“ఎందుకు?”

“ఎందుకేంది? పిల్లలకు నేర్పాలె.”

“నేర్పుండ్రి, నేనొద్దన్ననా? కిటికీలకెళ్లి చూపెట్టుండ్రి. అద్దం తుడిపిచ్చిన.”

“కిటికీలకెళ్లి చూస్తే లేత్ వస్తదా? అట్లయితే టీవీల క్రికెట్ చూసినోళ్లంత బ్యాటింగ్ చేస్తుండె!”

“ఖరాబైతే జవాబ్‌దారీ ఎవ్వరు మేడం? మీరు సంతకం పెడ్తరా?”

“పెడ్త. తే కాగితం.”

“మీ సంతకం నడ్వది. ప్రిన్సిపాల్ సారుది గావాలె.”

ప్రిన్సిపాల్ సారుకు ఇంకో సంస్థ బాధ్యత కూడా ఉండేది. ఎక్కడున్నా ఆయన మనసు ఆ ఇంకోచోట ఉండేది. “కంపెనీ వాళ్లు మళ్లీ చూడ్డానికి వస్తారు మేడం. అప్పటిదాకా కొత్తగా ఉండనివ్వండి. రిస్క్ వద్దు,” అన్నాడు. ఆయనది గుంటూరు వైపు, మాట నున్నగా ఉండేది. నేను ఆయన గది గుమ్మంలో నిలబడి గట్టిగానే అరిచాను. మూడు గదుల అవతల ఎలక్ట్రిషియన్ ట్రేడు పిల్లలు కూడా విన్నారట. లాభం లేకపోయింది.

ఏం చేస్తాను? అట్టపెట్టె కోసి, దాని మీద మిషన్ బటన్ల పలకను రంగు పెన్నులతో గీశాను. అంకెలు, బాణాలు, ఒక మూలన అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్. పిల్లలు వరసగా వచ్చి అట్ట మీద వేళ్లతో నొక్కుతూ, “ఇప్పుడు తిరుగుతున్నది మేడం, ఇప్పుడు కోస్తున్నది మేడం,” అని నోటితో చెప్పేవాళ్లు. నవ్వకండి. ఏడవలేక అలా నేర్పాను.

వాళ్లలో ఒక పిల్ల ఉండేది. పాపన్నపేట దగ్గర ఊరు, రోజూ షేర్ ఆటోలో వచ్చేది. తల్లి నాట్లేసే కూలీ. ఈ పిల్లకు ‘ఎందుకు’ అనడం జబ్బు. “గేరు ఎందుకిరుగుతది మేడం? బురదల్నే ఎందుకిరుగుతది? పళ్లు మందంగ జేస్తే ఏమైతది?” వాళ్ల ఊళ్లో విదేశీ యంత్రం దిగబడడం, దాన్ని లాగడం, ఆ ఏటి నాట్లు ఆలస్యమవడం అన్నీ గట్టు మీద నిలబడి చూసిందట. ఆ గేరుపెట్టె మీద దానికి సొంత పగ ఉన్నట్టుండేది. తండ్రి అప్పటికే మెదక్‌లో ఒక బట్టల షాపు సేటుతో మాట్లాడి పెట్టాడు. కంపెనీలో ఇంజనీరింగు పని దొరికితే సరి, లేకపోతే ఆ కోర్సు అయిపోగానే షాపులో నిలబడాలి. ఆ సంగతి పిల్లే నాతో చెప్పింది, ఏడవకుండా, ఎవరి సంగతో చెప్పినట్టు.

ఇంజనీరు చూడ్డానికి వస్తున్నానని కబురు పెట్టాడు. మా సంస్థ అంతా పెళ్లిల్లయింది. నేల కడిగారు, ముగ్గు పెట్టారు, హోటల్ నుంచి ఇడ్లీ వడ తెప్పించారు. స్టోర్ కీపర్ అన్న ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చి, అందరి ముందూ టార్పాలిన్ తొలగించాడు. మిషన్ మీద ధూళి కణం లేదు. ప్రిన్సిపాల్ సారు చేతులు కట్టుకొని, “చూడండి సార్, మీరు ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది,” అన్నాడు.

ఇంజనీరు వంగి, మిషన్ కింద చిప్స్ పడే ట్రేను బయటికి లాగాడు. తళతళా మెరుస్తోంది. మూలన ప్యాకింగు కాగితం కూడా ఇంకా అంటుకొని ఉంది. ఆయన ఆ కాగితాన్ని గోటితో గీకి చూశాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

“ఎవరన్న ఒకలు నడిపి చూపెట్టుండ్రి,” అన్నాడు.

పిల్లలంతా ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఆ పిల్ల వేయలేదు. ముందుకొచ్చి కడ్డీ బిగించింది, అంకెలు ఎక్కించింది. వేళ్లు తడబడలేదు, అట్ట మీద అరిగిపోయేంత నొక్కిన వేళ్లు కదా. కానీ కోసే మొన ఎక్కడి నుంచి బయల్దేరాలో మిషన్‌కు ముందు తాకించి చెప్పాలి. అట్ట మీద తాకించడం ఎట్లా? పిల్లకు ఆ మెట్టు నోటిమాటే తప్ప చేతిపని కాదు. స్టార్ట్ నొక్కింది. మొన సర్రున పోయి, కడ్డీని పట్టుకునే చక్ అనే ఇనుప పిడికిలికి గుద్దుకుంది. ధడేల్‌మన్న ఆ చప్పుడు వర్క్‌షాపు రేకులు అదిరేంతగా వచ్చింది. పిల్ల కొయ్యబారిపోయింది. ఎర్ర బటన్ కళ్లముందే ఉన్నా చెయ్యి పోలేదు. ఇంజనీరే అందుకొని నొక్కాడు.

మొన విరిగి కింద పడింది. చక్ మీద పెద్ద గీత. ముందుగా ప్రిన్సిపాల్ సారు తేరుకొని, “మిషన్‌లోనే ఏదో లోపం ఉన్నట్టుంది సార్,” అన్నాడు. వెనక నుంచి ఒకడు, “కరెంట్ సార్! లో వోల్టేజ్!” అన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఇంజనీరు ఆ పిల్ల వైపు చూశాడు. ఆ పిల్ల ఇంజనీరును కాదు, స్టోర్ కీపర్ అన్నను చూసింది. ఆయన ముఖం తెల్లగా పాలిపోయి ఉంది, విరిగిన మొనను రెండు చేతుల్లో పట్టుకొని ఉన్నాడు.

“కరెంట్ పోయొచ్చింది సార్,” అంది పిల్ల.

ఇంజనీరు తలెత్తి చూశాడు. “ఫ్యాన్ అయితే తిరుగుతనే ఉన్నది గద బిడ్డా,” అన్నాడు మెల్లగా.

ఆయన ఇడ్లీ తినలేదు. వెళ్తూ వెళ్తూ మా ముగ్గురినీ, అంటే ప్రిన్సిపాల్‌నూ, అన్ననూ, నన్నూ వరండాలో నిలబెట్టి చెప్పాడు. “ఇనుము ఇరిగిందని నాకు బాధ లేదు. అది ఇరగడానికే పుట్టింది. అబద్ధమాడిండ్రు, గది బాధైంది. రేపు మా గేర్ల సెక్షన్‌ల ఒక పిల్ల తప్పు గేరు కోసి కరెంట్ మీద తోసేస్తే, ఆ గేరు పొయ్యి రైతు పొలంల ఇరుగుతది. నేను మా ఓళ్లకు ఏం జెప్పాలె? నాట్లయినంక మళ్లొస్త. గదే ఆఖరు. అప్పటికీ గిట్లనే ఉంటే బయటోళ్లనే తెస్త. మీ పిల్లలకు ప్యాకింగుంటది.”

ఆ పూట నేను అన్న ముఖం చూడకుండా ఇంటికెళ్లిపోయాను. చూస్తే ఏం మాట్లాడేదాన్నో నాకే భయం.

మర్నాడు పొద్దున్నే వచ్చేసరికి గది తెరిచి ఉంది. అన్న ఒక్కడే మిషన్ పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు. చక్ మీద గీతను బొటనవేలితో రాస్తున్నాడు. నన్ను చూసి తాళంచెవి మొలతాడు నుంచి విప్పాడు. విప్పడం రాక కాసేపు తంటాలు పడ్డాడు.

“చెల్లె, ఆ పిల్ల అబద్ధమెందుకాడిందో తెలుసా?” అన్నాడు.

“బుగులు పడ్డది.”

“తన కోసం గాదు. నా మొకం జూసింది. నిజం జెప్తే నా పింఛను మీదికొస్తదని, నా కోసమాడింది. నిన్నటి సంది నా పానం పానంల లేదు. నా భయం తీస్కపొయ్యి పిల్లల నోట్ల పెట్టిన.” ఆగి ముక్కు చీదుకున్నాడు. “గీత పడ్డది, ఇగ కొత్తది గాదు. నా బుగులు పోయింది. పింఛను ఆగితే ఆగనియ్యి, నాకు ఎకరం పొలమున్నది. మీరు నడుపుండ్రి.”

నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. నిన్నటి దాకా ఆ మనిషిని తిట్టుకోని రోజు లేదు. ఆ పూట మాత్రం ఆయనకు నేనే చాయ్ తెచ్చి ఇచ్చాను. ప్రిన్సిపాల్ సారుకు సంగతి చెబితే, “నాకు తెలియనట్టు ఉంటాను,” అన్నాడు. ఆయన చేయగలిగిన సాయం అంతే, చేశాడు. టార్పాలిన్‌ను అన్న తీసుకుపోయి సైకిల్ స్టాండు మీద కట్టించాడు.

ఆ తర్వాత విరగని రోజు లేదు. కంపెనీ ఒక పెట్టె నిండా కొత్త మొనలు పంపింది, మేం అడగకుండానే. నేను ఒకే ఒక్క కట్టుబాటు పెట్టాను. విరగ్గొట్టిన వాళ్లు వర్క్‌షాపు మధ్యలో నిలబడి, ఏం విరిగింది, ఎందుకు విరిగింది, ఎవరి వల్ల విరిగింది అందరికీ వినబడేలా చెప్పాలి. చెప్పిన వాళ్లకు గేటు ముందు బండి మీద మిర్చీ బజ్జీ నా లెక్క. దాస్తే మాత్రం నా నోరు వాళ్లకు తెలుసు. మొదట్లో తల వంచుకొని గొణిగేవాళ్లు. “మేడం, అంకె తప్పేసిన.” “గట్టిగ చెప్పు, మీ ఊరికి ఇనబడాలె!” మెల్లమెల్లగా గొంతులు లేచాయి. ఒకడైతే బజ్జీల కోసమే విరగ్గొడుతున్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది. పిలిచి అడిగాను. “లేదు మేడం, ఒట్టు, ఇది నిజంగనే తప్పే,” అన్నాడు. కంపెనీ నుంచి ఒక డ్రాయింగు ఇంజనీరమ్మ వారానికోసారి వచ్చి గేరు పన్ను ఎందుకు అలా వంగి ఉంటుందో బోర్డు మీద గీసి చెప్పేది. ఆ పిల్ల ఎందుకు, ఎందుకు అని ఆమె ప్రాణం తీసేది. ఆమెకు మాత్రం ఆ ప్రశ్నలు నచ్చాయి.

నాట్లు మొదలయ్యాయి. దిగబడిన యంత్రాన్ని పిల్లలకు చూపిద్దామని పాపన్నపేట వైపు తీసుకుపోయాను. పొలం గట్టు మీద ఆ పిల్ల తల్లి కనిపించింది. మోకాళ్ల దాకా బురద, చేతిలో నారుకట్ట. నన్ను చూసి నడుము మీద చెయ్యి పెట్టుకొని నిటారుగా లేవబోయింది, సగమే లేచింది.

“గా మిషిన్లు మంచిగైతే మీ కూలి పోదా అని ఊరోళ్లంత అడుగుతుండ్రు మేడం,” అంది.

“నువ్వేమన్నవ్?”

“పోతది, పోకేమైతది? నా కూలి పోనియ్యి. కని గది పోయిన కాడ నా బిడ్డ పని రావాలె గద? నా కూలీ పొయ్యి, బిడ్డకు పనీ రాకపోతే, ఎవ్వరో బయటోళ్లొచ్చి తింటే, మేం రెండు దిక్కులా మునిగినట్టే గద మేడం.”

మన దేశంలోనే తయారీ, మన వాళ్లకే కొలువులు అని సభల్లో ఎన్ని ప్రసంగాలు విన్నానో! ఆమె చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో ఆటోలో పిల్లలు పాటలు పాడుతున్నా నాకు ఆమె మాటే చెవిలో ఉంది.

నాట్లయిపోయాయి. ఇంజనీరు మళ్లీ వచ్చాడు. ఈసారి ముగ్గు లేదు, ఇడ్లీ లేదు. మిషన్ మీద జిడ్డు మరకలున్నాయి, నేల మీద నూనె ఉంది. ప్రిన్సిపాల్ సారు తుడిపించమంటే నేనే వద్దన్నాను. ఇంజనీరు ఒక డ్రాయింగు తెచ్చాడు. గేరుపెట్టెలో తిరిగే చిన్న ఇరుసు. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి కోయాలి. కొందరివి సరిగ్గా వచ్చాయి, కొందరివి రాలేదు. ఆయన కొలుస్తున్నాడు, కాగితం మీద రాసుకుంటున్నాడు, ముఖంలో మాత్రం ఏమీ తెలియనివ్వడం లేదు. గేర్ల సెక్షన్‌కు మా పిల్లలను తీసుకుంటాడా, బయటివాళ్లను తెస్తాడా అన్నది ఆ ముఖంలో ఎక్కడుందోనని నేను వెతుక్కుంటున్నాను.

ఆ పిల్ల వంతు ఆఖర్న వచ్చింది. కడ్డీ బిగించింది, మొనను తాకించి చూసుకుంది, ఒక చెయ్యి ఎర్ర బటన్ దగ్గరే ఉంచుకొని మొదలుపెట్టింది. సగంలో మొన అంచు రాలింది. మిషన్ అరుపులో తేడా విని మాకంటే ముందే ఆపేసింది. కొత్త మొన పెట్టి మళ్లీ నడిపింది. మొన వేడెక్కకుండా చిమ్మే పాల లాంటి కూలెంట్ నీళ్లు గాజు తలుపు మీద కొడుతుంటే లోపల ఏం జరుగుతోందో నాకు కనిపించలేదు. అన్న తలుపు పక్కన నిలబడి పెదాలు కదుపుతున్నాడు. ఏడుపాయల తల్లికి మొక్కుతున్నాడని నాకు తెలుసు, నేనూ అదే పనిలో ఉన్నాను.

ఇరుసు బయటికొచ్చింది. అద్దంలా ఉంది. ఇంజనీరు చెయ్యి చాపాడు. పిల్ల ఇవ్వలేదు. “జర ఆగుండ్రి సార్,” అని తనే మైక్రోమీటర్ తీసి కొలిచింది. ఇంకోసారి కొలిచింది. కొలత తప్పిందని నాకు దాని భుజాలు చూస్తేనే అర్థమైంది. ప్రిన్సిపాల్ సారు ఇంజనీరు వెనక నుంచి ఇచ్చెయ్యి, ఇచ్చెయ్యి అన్నట్టు కళ్లతో సైగ చేశాడు. కంటికి కనబడే తేడా కాదు, వెంట్రుకలో ముక్కంత.

“సార్, బేరింగ్ కూసునే కాడ తక్కువొచ్చింది,” అంది పిల్ల, వర్క్‌షాపు మధ్యలో నిలబడి, అందరికీ వినబడేలా. “మొన మార్చినంక కొత్త కొలత ఎక్కియ్యాలె. నేను మర్చిపోయిన. మిషన్ మంచిగనే ఉన్నది, కరెంట్ మంచిగనే ఉన్నది. తప్పు నాది.”

ఇంజనీరు ఇరుసు తీసుకున్నాడు. వెలుతురులోకి తిప్పి చూశాడు. తనూ కొలిచాడు. ఈలోగా పిల్ల మళ్లీ మిషన్ స్విచ్ వేసింది, పంపు మోత మొదలైంది. ఆ మోతలో ఆయన గొంతు పెంచి, నా వైపూ అన్న వైపూ తిరిగి అన్నాడు.

“ఈ ముక్క పనికిరాదు మేడం. ఈ పిల్ల పనికొస్తది. గేర్ల సెక్షన్‌కు గీడి పిల్లలనే తీసుకుంటున్నమని మా ఓళ్లకు ఇయ్యాల్నే ఫోన్ జేస్త.”

అన్న అక్కడే నేల మీద, ఆ నూనెలోనే, ఇస్త్రీ ప్యాంటుతో కూలబడ్డాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ప్రిన్సిపాల్ సారు సంతోషం పట్టలేక పిల్లను పిలవబోయాడు. ఇంజనీరు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

పిల్లకు ఇదేమీ వినబడలేదు. మాకు వీపు పెట్టి, ఇంకో కడ్డీ బిగించి, కొత్త కొలత ఎక్కిస్తోంది.